యమనారి పాదాలు

పొద్దున్నే స్టూడియోలో అడుగుపెట్టగానే కనోకో చేసే మొదటి పని, ఉప్పులో ఊరేసిన ఉమె అనే పుల్లటి పండు ఒకటి బుగ్గన పెట్టుకోవడం. అది లేకుండా ఆ సినిమా మృగం రబ్బరు ఒంట్లోకి దిగితే కారే చెమటకి మధ్యాహ్నానికల్లా కళ్ళు తిరుగుతాయి. తర్వాత చేతులకీ మెడకీ దిట్టంగా పౌడరు. అప్పుడు బందో గారు వెనకాల వచ్చి నిలబడతాడు. స్టూడియోలో మృగాల ఒళ్ళన్నీ కుట్టేదీ, అతికించేదీ, చివరికి జిప్పు లాగేదీ ఆయనే.

"ఊపిరి బిగబట్టు అమ్మాయ్. రాత్రి నూడుల్స్ గట్టిగా లాగించావా ఏంటి? జిప్పు పైకి రానంటోంది."

"కుట్టింది మీరేగా. మీ కుట్టుకే చెప్పుకోండి."

జిప్పు పడ్డాక ఆయన ఆ రబ్బరు తలమీద టకటకా కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అంటాడు. రోజూ ఇదే జోకు. "ఎవరూ లేరు, రేపు రండి" అని లోపల్నించి కనోకో అంటుంది. ఈ సినిమా మొదలైనప్పట్నించీ ఆ జవాబు చెప్పేటప్పుడు ఆమెకి నవ్వు రావడం మానేసింది. ఎందుకంటే అది నిజం.

యమనారి చచ్చిపోయిన నక్షత్రం మీద నుంచి మన భూమ్మీద పడ్డ మృగం. ఎత్తు చూస్తే కొండంత, తోక చూస్తే వీధంత. యాభై ఏళ్ళు దాటింది, సినిమా తర్వాత సినిమాగా టోక్యోని తొక్కుతూనే ఉంది. తాతలు కుర్చీలు పట్టుకుని వణుకుతూ చూశారు, తండ్రులు ఈలలు వేస్తూ చూశారు, ఇప్పుడు మనవలు మధ్యలో ఫోన్లు తీస్తున్నారు.

బందో గారి షెడ్డులో ఏ మృగానికీ పదవి శాశ్వతం కాదు. నిరుడు ఆకాశంలో ఎగిరిన పక్షికి రెక్కలు కోసి, డెక్కలు అతికించి, ఈ ఏడు సముద్రంలోంచి పీతగా లేపుతాడు. ఆ పీత చిప్పే మళ్ళీ వచ్చే ఏడు ఇంకో గ్రహం తాబేలుకి వీపవుతుంది. రబ్బరు అలా రూపాలు మారుతూనే ఉంటుంది. ఒక్క యమనారి పాదాలకి మాత్రం ఆయన కత్తెర తాకదు. ఒళ్ళు ప్రతి సినిమాకీ కొత్తదే కానీ, పాదాలు మొదటి సినిమావే. చిరిగితే మాటు వేస్తాడు, అంతే.

ఆ పాదాల్లో హమురా గారి నడక ఉంది. మొట్టమొదట ఆ మృగం లోపల దిగిన మనిషి ఆయన. పాతికేళ్ళు అందులోనే నడిచాడు. ఎడమకాలు ఈడ్చి, ఓ క్షణం ఆగి, తోకని కుడివైపు విసిరి, మళ్ళీ ఎడమకాలు. ఆయన మానేశాక లోపలికి ఎవరు దిగినా పాదాలు అదే నడక నడుస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి క్యాంటీను ఎక్కడుందో చెప్పేటప్పుడే ఈ సంగతీ చెప్పేస్తారు. సినిమా మొదలుపెట్టే రోజున పూజారి వచ్చి ఆకుకొమ్మ ఊపి, సాకే సారా చిలకరించాక అందరూ నడుం వంచి నమస్కరించేది తలకి కాదు, ఆ పాదాలకే.

కనోకో ఈ చోటుకి ఊరికే రాలేదు. పెద్ద పెద్ద బట్టల దుకాణాల మేడల మీద ఆదివారాలు పిల్లలకి వేసే ఆటల్లో, మండుటెండలో, చవక తొడుగుల్లో పన్నెండేళ్ళు ఎగిరి దూకిన మనిషి. ఎప్పటికైనా యమనారి లోపల దిగాలని ఆమె కోరిక. తీరా దిగాక తెలిసింది, లోపల తనకి పనే లేదని. ఆ పాదాలు నడుస్తుంటే ఆమె కాళ్ళు సంచిలో కూరగాయల్లా వాటి వెంట పోతాయి. సాయంత్రం రైల్లో కూర్చుంటే అరికాళ్ళు జిలజిలలాడతాయి, ఎక్కడికైనా పరిగెత్తాలనిపిస్తుంది. ఆగకుండా కాళ్ళు ఆడిస్తుంటే పక్కన కూర్చున్నవాళ్ళు విసుక్కుని లేచి వేరే సీటు చూసుకుంటారు.

డైరెక్టర్ కుసాకా పరిస్థితీ అలాగే ఉంది. ఆ మనిషి చెయ్యని ప్రయత్నం లేదు. కొమ్ములకి నీలం దీపాలు పెట్టాడు. టోక్యో వదిలేసి ఒసాకా తొక్కించాడు. ఓ సినిమాలో దాన్ని చంపాడు, తర్వాతి సినిమాలో బతికించాడు, ఆ తర్వాత దానికో పిల్లని పుట్టించాడు. పోయినసారి సినిమా వదిలాక హాలు గుమ్మం దగ్గర నక్కి నిలబడి విన్నాడు. ఓ పెద్దమనిషి భార్యతో "బాగుంది, ఎప్పటిలాగే ఉంది" అంటూ వెళ్ళిపోయాడు. కుసాకా వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఈసారి కూడా జనం ఆవలిస్తే ఇంతే సంగతులు. పైవాళ్ళు తేల్చి చెప్పేశారు, యమనారిని అద్దాల గదిలో పెట్టి తాళం వేస్తారట" అన్నాడు ఓ రోజు టీ తాగుతూ. "ఇంకో కొత్త శత్రువుని దింపుదామా? రెండు తలలది?"

కనోకో ఇక ఉండబట్టలేకపోయింది. "శత్రువుకి ఎన్ని తలలుంటే ఏం లాభమండీ, మన మృగం మూలమలుపులో కనిపించగానే తర్వాత ఏ కాలు వేస్తుందో రెండో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ఒక్కసారి నా నడక నన్ను నడవనివ్వండి."

"నడువమ్మా, నేనేమైనా పట్టుకున్నానా? ఆ పాదాలు ఒప్పుకుంటే నడువు!"

పంతం కొద్దీ ఆ మధ్యాహ్నం నడిచి చూసింది. కుడివైపు తిరగాలని నడుము బిగించి లాగింది. పాదాలు ఎడమవైపే ఈడ్చాయి. ఆ లాగులాటలో వెళ్ళి వెళ్ళి సెట్లో కట్టిన బొమ్మ ఊళ్ళోని రైల్వే వంతెన మీద బోర్లా పడింది. వంతెన చేసిన నలుగురూ వచ్చి ముక్కలు ఏరుకున్నారు. జిప్పు విప్పుతూ బందో గారు, "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

"ఆ పాదాలు మార్చెయ్యండి బందో గారూ."

"హమురా గారి మాట లేకుండానా!"

"అయితే ఆయన్నే అడగండి."

"అమ్మో! ఆయన్ని ఇబ్బంది పెట్టడమా?"

అక్కడొచ్చింది తంటా. ఏటా ఎండాకాలం రాగానే హమురా గారింటికి సన్న సేమ్యా పెట్టె ఒకటి, ఏడాది చివర మంచి మాంసం పెట్టె ఒకటి స్టూడియో తరఫున వెళ్తాయి. "మీ అందరి దయవల్ల కులాసా" అని ఆయన దగ్గర్నించి కార్డు వస్తుంది. పెద్దాయన విశ్రాంతి చెడగొట్టకూడదని మర్యాద కొద్దీ ఆయన మానేసిన నాటినుంచీ ఒక్కరూ ఆ గడప తొక్కలేదు.

కనోకో మర్నాడు సెలవు పెట్టి, తీపి పప్పు అచ్చు మిఠాయి ఒకటి కొని, రైలెక్కింది.

తామా నది గట్టు పక్కన చిన్న ఇల్లది. తలుపు తీసింది హమురా గారి భార్య సుమియే. చేతిలో సూదీ దారం, కాళ్ళ దగ్గర మేజోళ్ళ గుట్ట. అన్నిటికీ మడమలు చిరిగిపోయి ఉన్నాయి.

"ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" అని గుమ్మంలోనే నడుం వంచింది కనోకో. "యమనారి లోపల ఉండేది నేనే."

సుమియే ఆమెని పైనుంచి కిందకి చూసింది. "నువ్వేనా? ఆడపిల్లవా! రా, లోపలికి రా. ఇవాళ నువ్వు ఇక్కడున్నావంటే షూటింగు లేదన్నమాట. ఈయనకి కాస్త ఆటవిడుపు."

ఆ మాటకి అర్థమేంటో కనోకోకి తెలియలేదు. లోపల పరుపు మీద ఓ బోడితల పెద్దాయన దిండుకి ఆనుకుని, నడుం దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ముఖం నిండా నవ్వే. "యమనారి వచ్చిందా? కూర్చోమను! ఇల్లు తొక్కకుండా కూర్చోమను!" అన్నాడు.

టీ పోసేలోపు మొదలైంది. అక్కడ స్టూడియోలో కుసాకా, కనోకో లేదు కదా అని, లైట్లు సరిచూసుకోవడానికి ఇంకెవర్నో లోపలికి దింపినట్టున్నాడు. ఇక్కడ దుప్పటి కింద హమురా గారి ఎడమకాలు ఈడ్చుకుంది. ఓ క్షణం ఆగింది. నడుం కుడివైపుకి విసురుగా తిరిగింది, లేని తోక కోసం. మళ్ళీ ఎడమకాలు. సుమియే ఏమీ కానట్టు ఒక మోకాలితో దుప్పటి అంచు నొక్కిపట్టి, రెండో వైపు నుంచి టీ కప్పు అందించింది.

కనోకో చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఆ నడక ఆమెకి లోపల్నించి తెలుసు. ప్రతి ఈడ్పూ తెలుసు.

"ఎప్పట్నించి గురువుగారూ?"

"మానేసిన తర్వాత వచ్చిన మొదటి సినిమా నుంచి" అన్నాడాయన, నడుస్తూనే, రొప్పుతూ. "షూటింగు రోజుల్లో ఇలాగ. మిగతా రోజుల్లో బజారుకెళ్ళినా ఇదే నడక. వీధిలో పిల్లలు వెంటపడతారు, ఓసారి గర్జించు తాతా అని. గర్జిస్తాను కూడా. ఏం చెయ్యను!"

"మాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

"పనిలో ఉన్నవాళ్ళని ఇబ్బంది పెట్టడం దేనికమ్మా?"

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం దేనికని మేం రాలేదు" అంది కనోకో.

సుమియే టీ కెటిల్ ఠంగుమని కింద పెట్టింది. "తగలెయ్యా మీ మర్యాదలు! ఆ సేమ్యా పెట్టెలు తిని తిని నాకు విసుగొచ్చింది. కార్డు మీద కులాసా అని రాసేది నేనే. ఈయన రాయమనేవాడు. రాత్రంతా కాళ్ళు పీకుతుంటే పిసికేదీ నేనే. ఎనభై రెండేళ్ళు వచ్చాయి ఈయనకి. ఇంకా ఎన్ని ఊళ్ళు తొక్కాలి?"

హమురా గారే అందుకున్నాడు. "ఆ ఈడ్పు ఎక్కడిదో తెలుసా నీకు? మొదటి సినిమాలో నన్ను చెరువులోంచి లేపారు. ఎడమకాల్లోకి నీళ్ళెక్కాయి. ఎత్తుదామంటే కాలు రాదే! ఈడ్చుకుంటూ ఒడ్డుకొచ్చాను. ఇక తిట్లు తింటాననుకుంటే, డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. తర్వాత ఎవరో ప్రొఫెసరు పేపర్లో రాశాడు, అది సొంత నక్షత్రాన్ని పోగొట్టుకున్న జీవి దుఃఖం అని. నీళ్ళమ్మా, నీళ్ళు! దుఃఖమూ లేదు, నా మొహమూ లేదు."

కనోకోకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అయితే ఆ పాదాలు కోసి పారేద్దాం. ఇవాళే బందో గారికి చెప్తాను."

"వద్దు!" సుమియే చెయ్యి పట్టేసుకుంది. "ఓసారి మీ బందో గారు ఆ పాదాలకి కొత్త అడుగు వేసి కుట్టినట్టున్నాడు. ఈయన అరికాళ్ళు వాచిపోయి, వారం దాకా నేల మీద ఆనలేదు. కోస్తే ఈయన కాళ్ళే ఉంటాయో పోతాయో."

కనోకో లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. ఆమె అరికాళ్ళు జిలజిలలాడుతూనే ఉన్నాయి. దుప్పటి కింద ఆ కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఈ సినిమా ఆడితే ఇంకోటి తీస్తారు, ఆయన ఇంకా నడవాలి. ఆడకపోతే తను మళ్ళీ మేడల మీదికి పోవాలి. చివరికి అడిగింది.

"గురువుగారూ, అందులో ఉండగా ఎప్పుడైనా కూర్చున్నారా?"

"కూర్చోవడమా?" ఆయన ఆలోచించాడు. "తోక అడ్డం కదమ్మా. విరామంలో కూడా తాళ్ళతో దూలానికి తగిలించి నిలబెట్టే నీళ్ళు పట్టేవాళ్ళు. లేదు, పాతికేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోలేదు."

మర్నాడు స్టూడియోలో పెద్ద రభసే అయింది. విషయమంతా విన్న బందో గారు స్టూలు మీద కూలబడి, ఆ అడుగు కుట్టిన తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. కుసాకా మాత్రం ముందు ఒప్పుకోలేదు.

"స్టేషన్ ముందు యమనారి చతికిలపడటమా? అభిమానులు నన్ను బతకనిస్తారా? అది నడుస్తుంది, తొక్కుతుంది, గర్జిస్తుంది. యాభై ఏళ్ళుగా దాని పని అది!"

"అందుకే అలిసిపోయిందండీ" అంది కనోకో. "పాదాలకి నడకొక్కటే తెలుసు. కూర్చోవడం వాటికి రాదు. అక్కడ వాటి పెత్తనం చెల్లదు."

"కూర్చున్నాక?"

"నాకూ తెలీదు."

కుసాకా చేతిలోని స్క్రిప్టు మూసేశాడు. "నాకూ తెలీదు" అన్న మాట ఈ సెట్లో విని ఎన్నేళ్ళయిందో. "సరే కానీ" అన్నాడు.

బందో గారు కత్తెర తీసి తోక మొదట్లో కోసి, మడత పడేలా కీలు వేశాడు. పాదాల జోలికి మాత్రం పోలేదు. పోకూడదు.

బొమ్మ ఊళ్ళో దీపాలు వెలిగాయి. కెమెరా తిరిగింది. పాదాలు ఎప్పటిలాగే నడిచాయి. ఎడమకాలు ఈడ్పు, ఆగడం, తోక విసురు. స్టేషన్ ముందు బస్సులన్నీ నలిగాయి. గడియారం మేడ దగ్గరికి రాగానే కనోకో మోకాళ్ళు వదిలేసింది. ఒంటి బరువంతా వెనక్కి వేసి, ధబ్బున కూర్చుంది.

పాదాలు ఆగలేదు. కాళ్ళు బారచాపి కూర్చున్న మృగం మడమలు బొమ్మ రోడ్డు మీద దడదడా కొట్టుకున్నాయి. ఇళ్ళ పెంకులు రాలాయి. కరెంటు స్తంభాలు ఒరిగాయి. లోపల ఊపిరాడటం లేదు, చెమట కళ్ళలోకి కారుతోంది. లేవమని పాదాలు నడుముని పీకుతున్నాయి. ఆమె పళ్ళ బిగువున పట్టి కూర్చుంది. "చాలు, చాలు, ఇక చాలు" అని లోపల అంటూనే ఉంది, పసిపిల్లని జోకొట్టినట్టు. ఎవరికి చెప్తోందో ఆమెకీ తెలీదు. కొట్టుకోవడం నెమ్మదించింది. ఒకసారి కొట్టుకుంది, ఆగింది. ఇంకోసారి. తర్వాత లేదు.

కుసాకా కట్ చెప్పలేదు. సెట్ మీద ఒక్కరూ కదల్లేదు. ఊరంత మృగం ఊరి మధ్యన కూర్చుని, మోకాలి పక్కనున్న ఓ చిన్న ఇంటి కిటికీలో వెలుగుతున్న దీపాన్ని చూస్తోంది.

కనోకో లేవబోయింది. కాళ్ళకి ఇప్పుడు ఏ నడకా రాదు. అవి అక్కడున్నాయి, అంతే, ఆమె ఏం చెప్తుందా అని ఎదురుచూస్తూ. కుడికాలు వెయ్యబోతే పక్కకి పడింది. తూలి, గడియారం మేడ పట్టుకుని, అది ఊడి చేతికొస్తే దాన్ని మెల్లగా పక్కన పెట్టింది. ఇంకో అడుగు. ఆ కిటికీ ఇంటిని తొక్కకూడదనిపించి, కాలెత్తి దాటింది. మునివేళ్ళ మీద.

"అది ఎటు పోతోంది?" అని గొణిగాడు కెమెరా వెనకాల ఎవరో.

"నోర్ముయ్!" అన్నాడు కుసాకా. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "చూడు. నాకూ తెలీదు."

జిప్పు తియ్యగానే కనోకో సుమియే ఇంటికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తరు. మళ్ళీ చేసింది. ఎత్తరు. పాదాల్లో నడక ఆగింది కదా, మరి ఆ నడక పోయి ఆ పెద్దాయన ప్రాణం మీద పడలేదు కదా! ఒళ్ళు కూడా తుడుచుకోకుండా రైలెక్కింది. దారి పొడుగునా కూర్చోలేకపోయింది.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పరుపు చుట్టేసి ఉంది, మనిషి లేడు. పక్కింటావిణ్ణి అడిగితే, "గట్టు వైపు వెళ్ళారనుకుంటా" అంది.

కనోకో గట్టెక్కి పరిగెత్తింది. సాయంత్రప్పూట జనం బాగానే ఉన్నారు, కుక్కలతో వచ్చినవాళ్ళూ, సైకిళ్ళ పిల్లలూ. ఆమె ఒక్కొక్కరి కాళ్ళూ చూస్తూ పోయింది. ఎడమకాలు ఈడ్చే మనిషి కోసం, ఓ క్షణం ఆగే మనిషి కోసం. దూరంగా వంతెన దాకా కళ్ళతో వెతికింది. అలాంటివాడు ఒక్కడూ లేడు. ఆమెకి ఏడుపొచ్చేసింది. ఎదురుగా ఎవరో బోడితల ముసలాయన చిన్నచిన్న అడుగులతో, ఏదో రైలు అందుకోవాలన్నట్టు గబగబా వస్తుంటే దారి వదిలి, ఆయన్ని దాటుకుని ముందుకి పోయింది.

"ఏమ్మా!" వెనకనుంచి కేక. "నన్ను దాటేసి పోతున్నావే!"

తిరిగి చూసింది. హమురా గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖమంతా చెమట. ఒక్క క్షణం నిలబడ్డాడో లేదో, కాళ్ళు ఆగక మళ్ళీ గబగబా ముందుకి నడిచాడు. చాలా వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని, సుమియే రొప్పుతూ వస్తోంది.

"పట్టుకో అమ్మాయ్ ఆయన్ని, నీకు పుణ్యముంటుంది" అని అరిచింది. "ఈ మనిషి అసలు ఇలా నడిచేవాడని నేను మర్చేపోయాను."